కరెంటు ఎక్కడిదాకా వచ్చింది?

రాత్రి అన్నాలయ్యాక అంట్లన్నీ మిషన్‌లో సర్ది, సబ్బు బిళ్ల వేసి, తలుపు మూసి మీట నొక్కుతాం. ఉలుకూ పలుకూ ఉండదు. లేదంటే పది నిమిషాలు బాగానే నడిచి, ఉన్నట్టుండి ఇల్లంతా చీకటి చేసి ఆగిపోతుంది. అప్పుడు ఇంట్లో వినపడే మొదటి మాట ‘మిషన్ పాడైంది’. రెండో మాట ‘అంత డబ్బు పోసి కొన్నాం’. మూడో మాట ఎవరో ఒకరి మీద నింద.

ఆ మొదటి మాటను కాసేపు ఆపమని నా మనవి. ‘ఏం పాడైంది’ అన్న ప్రశ్నకు జవాబు చెప్పాలంటే చదువూ పనిముట్లూ కావాలి. ‘కరెంటు ఎక్కడిదాకా సవ్యంగా వచ్చింది’ అన్న ప్రశ్నకు కళ్లు, చెవులు, కాస్త ఓపిక చాలు. వీధి స్తంభం నుంచి మిషన్ దాకా కరెంటుకు ఒక దారి ఉంది. ఆ దారి వెంట ఒక్కో మజిలీ చూసుకుంటూ వస్తే లోపం ఎక్కడుందో తెలిసిపోతుంది. దాన్ని సరిచేసే పని మేస్త్రీది. ఎక్కడుందో చెప్పగలగడం మాత్రం ఇంట్లో ఉండే ఎవరికైనా చేతనయ్యే పని. ఈ అధ్యాయం ఆ నైపుణ్యం గురించే.

పాత గోడలు, కొత్త బరువు

చార్మినార్ దగ్గర లాడ్ బజార్ దాటి పడమటికి నడిస్తే హుస్సేనీ ఆలం వస్తుంది. కబూతర్‌ఖానా, ఖుర్షీద్ జా దేవిడీ, మహిళా డిగ్రీ కళాశాల ఉన్న పేట. పెద్ద లోగిళ్లు అన్నదమ్ముల వాటాలుగా విడిపోయి, వాటాల మీద అంతస్తులు లేచి, ఒకనాటి ఒక్క ఇంటి గడపలో ఇప్పుడు మూడు నాలుగు వంటిళ్లు నడుస్తున్న చోటు. ఇలాంటి ఇళ్లలో గోడకు సున్నం ఎన్నిసార్లు వేశారో చెప్పగలిగేవాళ్లుంటారు గానీ, గోడ లోపలి వైరు ఎప్పటిదో చెప్పగలిగేవాళ్లు అరుదు. బల్బులు, ఫ్యాన్లు, ఒక రేడియో ఉన్న రోజుల్లో వేసిన లైన్ల మీదే ఫ్రిజ్, గీజరు, ఏసీ ఒక్కొక్కటే వచ్చి చేరాయి. 2020లో కరోనా వేళ పనిమనుషులు రాలేని ఇళ్లలోకి డిష్‌వాషర్ కూడా వచ్చింది.

ఈ మిషన్ బరువు ఎలాంటిదో ముందు తెలుసుకోవాలి. అమెరికాలో జోసెఫీన్ కాక్రన్ అనే ఆవిడ 1886 డిసెంబరులో గిన్నెలు కడిగే యంత్రానికి పేటెంటు తీసుకుంది. 1893 షికాగో ప్రపంచ ప్రదర్శనలో అది అందరి కళ్లలో పడింది. ఆ తొలి యంత్రాన్ని చేత్తో తిప్పేవాళ్లు, వేడినీళ్లు విడిగా కాచి పోసేవాళ్లు. నేటి మిషన్‌లో ఆ రెండు పనులూ కరెంటు చేస్తుంది. నీళ్లు చిమ్మే పంపు, మురికినీళ్లు తోడేసే పంపు కలిపినా ఒకటి రెండు ఫ్యాన్లకు పట్టేంత కరెంటే తింటాయి. అసలు బరువు నీళ్లు కాచే హీటరుది. అది 2000 వాట్ల చుట్టూ ఉంటుంది. 230 వోల్టుల దగ్గర లెక్కగడితే దాదాపు 9 ఆంపియర్లు. మామూలు చిన్న సాకెట్ మోయగలిగేది 6 ఆంపియర్లే.

మిక్సీ కూడా గట్టిగానే లాగుతుంది, కానీ రెండు నిమిషాల్లో ఆగిపోతుంది. డిష్‌వాషర్ హీటరు ఒక్కో విడతలో పది, ఇరవై నిమిషాలు ఆగకుండా లాగుతుంది. పాత వైరులోని బలహీనత బయటపడడానికి ఆ సమయం చాలు. అందువల్ల మిషన్ ఆగిన ప్రతిసారీ మిషన్‌నే దోషిగా నిలబెట్టకూడదు. ఎన్నో ఏళ్లుగా గోడలో దాగి ఉన్న లోపాన్ని అది మనకు చూపిస్తూ ఉండవచ్చు.

ముందు ప్రాణం, తర్వాతే మిషన్

2025 మే 18న చార్మినార్‌కు ఉత్తరాన గుల్జార్ హౌజ్ దగ్గర ఒక పాత భవనంలో నిప్పంటుకుని 17 మంది చనిపోయారు. వాళ్లలో 8 మంది పిల్లలు. షార్ట్ సర్క్యూట్ కారణమై ఉంటుందని అధికారులు ప్రాథమికంగా చెప్పారు. కింద దుకాణాలు, పైన కాపురాలు, బయటికి రావడానికి ఇరుకైన దారి. పాతబస్తీలో ఆ వివరాలు విని తమ ఇంటి మెట్లను తలుచుకోని వాళ్లుండరు. కరెంటు లోపాన్ని ‘రేపు చూద్దాంలే’ అని వదిలేయకూడదని చెప్పడానికి అంతకంటే పెద్ద కారణం నాకు తెలియదు.

అందుకే ఏ పరీక్షకైనా ముందు నాలుగు సంగతులు చూసుకోండి. మిషన్ ముట్టుకుంటే చేతికి జివ్వుమందా? మన భాషలో ‘బాడీకి ఎర్త్ వస్తోంది’ అంటామే, అది. కాలిన ప్లాస్టిక్ వాసన వస్తోందా? ప్లగ్గు గానీ సాకెట్ గానీ రంగు మారి, మెత్తబడి ఉందా? మిషన్ కింద నీళ్లు నిలిచాయా? ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి ఉన్నా ప్లగ్గు పీకడానికి చేయి పెట్టకండి. నేరుగా బోర్డు దగ్గరికెళ్లి మెయిన్ దించేయండి. ఇక ఆ రోజుకు మీ పరీక్ష ముగిసింది. మేస్త్రీ వచ్చేదాకా ఎవరూ ఏమీ ముట్టుకోకూడదు.

ఆ నాలుగూ లేకపోయినా కొన్ని నియమాలు తప్పవు. తడి చేతులతో, తడి నేల మీద ఒట్టి కాళ్లతో నిలబడి బోర్డు ముట్టుకోవద్దు. ఒక్కరే ఉన్నప్పుడు పరీక్షలు పెట్టుకోవద్దు. సాకెట్ మూత, మిషన్ వెనక పలక విప్పవద్దు. బోర్డులో పడిపోయిన ఎంసీబీ మీటను ఒక్కసారే లేపి చూడాలి. మళ్లీ పడిందంటే అది ఏదో చెబుతోందని అర్థం. బలవంతంగా నాలుగైదుసార్లు లేపడం, పాత కిట్‌క్యాట్ ఫ్యూజులో లావు తీగ చుట్టడం, ఈ రెండూ కావలివాడి గొంతు నొక్కడమే.

మొదటి మజిలీ: వీధి

ముందు కిటికీలోంచి చూడండి. ఎదురింట్లో దీపం ఉందా? మీ ఇంట్లో మిగతా గదుల్లో ఫ్యాన్లు తిరుగుతున్నాయా? వీధి మొత్తం చీకటైతే మీరు చేయగలిగింది ఆగడమే. కరెంటు రాగానే మీట నొక్కకుండా అయిదు నిమిషాలు ఆగితే మంచిది. వచ్చిన వెంటనే వోల్టేజీ ఎగుడుదిగుడుగా ఉండవచ్చు.

మీ ఇంటికి మూడు ఫేజుల మీటరుంటే ఇంకో సంగతి. ఒక ఫేజు పోతే కొన్ని గదుల్లో వెలుగుంటుంది, కొన్నిట్లో ఉండదు. మిషన్ ఆ చీకటి గదుల్లో ఉంటే అది పాడైందనిపిస్తుంది. పక్క గదిలో ఫ్యాను తిరుగుతోంది కాబట్టి కరెంటు ఉందనుకోవడం వల్ల వచ్చే పొరపాటు ఇది. వంటింట్లో కరెంటు ఉందో లేదో వంటింట్లోనే చూడాలి.

వీటన్నిటికంటే ప్రమాదకరమైన గుర్తు మరొకటి. కొన్ని బల్బులు మినుకుమంటూ, మరికొన్ని మామూలుకంటే ఎక్కువగా వెలుగుతుంటే, లేదా ఒక వాటాలో వెలుగు తగ్గినప్పుడల్లా పక్క వాటాలో పెరుగుతుంటే, న్యూట్రల్, అంటే కరెంటు తిరిగి వెళ్లే తీగ, తెగి ఉండవచ్చు. ఎక్కడో స్తంభం మీదో మీటరు దగ్గరో న్యూట్రల్ వదులైతే, కొన్ని ఇళ్లకు 230 వోల్టుల బదులు 400 వోల్టుల దాకా ఎక్కిపోయే అవకాశం ఉంటుంది. అలాంటప్పుడు క్షణం ఆలోచించకుండా మెయిన్ దించి, 1912కు ఫోన్ చేయండి. అది మన కరెంటు సంస్థ టీజీఎస్పీడీసీఎల్ ఫిర్యాదుల నంబరు. ‘కరెంటు లేదు’ అని మాత్రమే చెబితే సరిపోదు, ‘న్యూట్రల్ పోయినట్టుంది, బల్బులు ఎక్కువగా వెలుగుతున్నాయి’ అని చెప్పండి. పక్కవాళ్ల తలుపు కూడా తట్టండి. వాళ్ల ఇంటికీ అదే ముప్పు.

రెండో మజిలీ: బోర్డు

ఇంట్లోని పంపిణీ బోర్డులో రెండు రకాల కాపలాదారులుంటారు. ఎంసీబీ బరువును చూస్తుంది. వైరు మోయగలిగిన దానికంటే ఎక్కువ కరెంటు పారినా, ఫేజు న్యూట్రల్ ఒకదానికొకటి తగిలినా పడిపోతుంది. ఆర్‌సీసీబీ లెక్క చూస్తుంది. ఫేజులో వెళ్లిన కరెంటంతా న్యూట్రల్‌లో తిరిగి వచ్చిందా అని ప్రతి క్షణం సరిపోల్చుకుంటుంది. ఇళ్లలో పెట్టే ఆర్‌సీసీబీ 30 మిల్లీ ఆంపియర్ల తేడా వచ్చేలోపే పడిపోవాలి. ఆ తేడా మిషన్ లోహపు ఒంట్లోకో, తడి గోడలోకో, మనిషి శరీరంలోకో పోతున్న కరెంటు.

కాబట్టి ‘ట్రిప్ అయింది’ అని ఊరుకోకుండా, ఏది పడిందో చూడండి. ఎంసీబీ ఒక్కటే పడితే బరువు ఎక్కువైంది, లేదా షార్ట్ ఉంది. ఆర్‌సీసీబీ పడితే కరెంటు ఎక్కడో కారుతోంది. ఈ ఒక్క తేడా తెలిసినందువల్ల మేస్త్రీకి వెతుకులాట సగం తగ్గుతుంది.

ఇన్వర్టరు ఉన్న ఇళ్లలో ఇంకొక చిక్కు తరచూ కనపడుతుంది. ఇన్వర్టరు లైను న్యూట్రల్‌నూ మామూలు లైను న్యూట్రల్‌నూ ఒకచోట కలిపేస్తే, ఆర్‌సీసీబీ లెక్క తప్పి ఏ లోపమూ లేకుండానే పడిపోతూ ఉంటుంది. ఇన్వర్టరు పెట్టించిన రోజు నుంచే ఈ గొడవ మొదలైందా అని గుర్తు తెచ్చుకోండి. ఇక డిష్‌వాషర్ సాకెట్ పొరపాటున ఇన్వర్టరు లైను మీదే ఉంటే, హీటరు మొదలవగానే ఇన్వర్టరు చేతులెత్తేస్తుంది.

మూడో మజిలీ: సాకెట్

పాతబస్తీ ఇళ్లలో ఎక్కువ లోపాలు దొరికే చోటు ఇదే అని మేస్త్రీలు చెబుతారు. మిషన్‌కు కావలసింది పెద్ద మూడు పుల్లల పవర్ ప్లగ్గు, అంటే 16 ఆంపియర్ల సాకెట్. దాన్ని చిన్న సాకెట్‌కు కుదించే అడాప్టరు, ఎక్స్‌టెన్షన్ బాక్సు, మూడు నాలుగు ప్లగ్గులు గుచ్చే మల్టీప్లగ్గు, ఇవేవీ మధ్యలో ఉండకూడదు. పైకి పెద్ద సాకెట్ ఉన్నా దాని వెనక నుంచి వచ్చే వైరు లైట్ల కోసం వేసిన సన్నని వైరే కావచ్చు. మాడ్యులర్ స్విచ్చు పలక కొత్తగా మెరిసిపోతోందంటే లోపలి వైరు కూడా కొత్తదని కాదు.

వదులుగా ఉన్న జాయింటు చేసే కీడు ఎంతో లెక్క వేసి చూడండి. ఒక జాయింటులో అర ఓమ్ నిరోధం ఉందనుకుందాం. దానిగుండా 9 ఆంపియర్లు పారితే అక్కడ పుట్టే వేడి 40 వాట్లు. గోడ పెట్టెలో ఒక టంకం కడ్డీ పెట్టి గంటసేపు వదిలేసినట్టు. ఎంసీబీకి ఇది కనపడదు, ఎందుకంటే కరెంటు హద్దు దాటలేదు. ఆర్‌సీసీబీకి కనపడదు, ఎందుకంటే కరెంటు ఎక్కడికీ కారలేదు. కనిపెట్టగలిగేది మీ ముక్కు, మీ చేయి. మిషన్ ఒక అరగంట నడిచాక దాన్ని ఆపి, సాకెట్ స్విచ్చు కట్టేసి, ప్లగ్గు తీసి చూడండి. కాస్త గోరువెచ్చగా ఉంటే సహజమే. పట్టుకోలేనంత వేడి ఉన్నా, పుల్లలు నల్లబడినా ఆ సాకెట్‌ను ఇక వాడకండి.

అల్యూమినియం వైరున్న ఇళ్లు ఈ విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి. అల్యూమినియం స్క్రూ కింద కాలక్రమంలో నలిగి వదులవుతుంది, దాని మీద పొర కడుతుంది. రాగి వైరుకు దాన్ని నేరుగా మెలిపెట్టి టేపు చుట్టిన జాయింటు చెమ్మ తగిలితే త్వరగా చెడుతుంది.

టెస్టర్ మాటను పూర్తిగా నమ్మకండి. చాలామంది సాకెట్‌లో టెస్టర్ పెట్టి, వెలిగిందని ‘కరెంటు ఉంది’ అని తేల్చేస్తారు. టెస్టర్‌లోని చిన్న దీపానికి కావలసిన కరెంటు అతి స్వల్పం. తుప్పు పట్టి, సగం ఊడిన జాయింటు గుండా కూడా అది వెలుగుతుంది. అదే జాయింటు 9 ఆంపియర్లు మోయలేదు. పైగా టెస్టర్ ఫేజు గురించే చెబుతుంది, న్యూట్రల్ ఉందో లేదో చెప్పదు. ఒక్క సందర్భంలో మాత్రం న్యూట్రల్ కబురు కూడా అందిస్తుంది. ఆ లైను మీద ఏదో ఒకటి స్విచ్చు వేసి ఉన్నప్పుడు రెండు రంధ్రాల్లోనూ టెస్టర్ వెలిగిందని మేస్త్రీ చెబితే, న్యూట్రల్ తెగిందన్నమాట.

మీరు ప్రమాదం లేకుండా చేయగలిగిన మెరుగైన పరీక్ష ఒకటుంది. రెండు రకాల ప్లగ్గులూ పట్టే సాకెట్ అయితే, మిషన్ ప్లగ్గు తీసి అందులో ఇస్త్రీ పెట్టె పెట్టండి. అయిదు నిమిషాల్లో అది ఎప్పటిలా వేడెక్కితే ఫేజు, న్యూట్రల్ రెండూ వస్తున్నాయి, కొంత బరువు మోస్తున్నాయి. వేడెక్కకపోతే మిషన్ నిర్దోషి. ఒక్క హెచ్చరిక: ఇస్త్రీ పెట్టె బరువు మిషన్ బరువులో సగమే ఉండవచ్చు. కాబట్టి ఈ పరీక్షలో నెగ్గిన సాకెట్ మిషన్ దగ్గర కూడా నెగ్గుతుందని పూర్తి భరోసా లేదు.

గల్ఫ్ నుంచి వచ్చిన మిషన్లు

పాతబస్తీలో ఎన్నో ఇళ్లకు గల్ఫ్ దేశాలతో రాకపోకలున్నాయి. తిరిగి వస్తూ సామాను తెచ్చుకుంటారు. దుబాయ్ మిషన్‌కు చదరపు పుల్లల ప్లగ్గు ఉంటుంది, దాని లోపల 13 ఆంపియర్ల చిన్న ఫ్యూజు ఉంటుంది. అది కాలిపోతే మిషన్ మొత్తం చచ్చినట్టు పడి ఉంటుంది, కారణం ప్లగ్గులోనే. అలాంటి మిషన్‌ను ప్రయాణాల కోసం అమ్మే అడాప్టరుతో నడపవద్దు. మేస్త్రీ చేత ఇక్కడి 16 ఆంపియర్ల ప్లగ్గు వేయించండి. మిషన్ తీగలో గోధుమరంగు ఫేజు, నీలం న్యూట్రల్, ఆకుపచ్చ పసుపు చారలది ఎర్త్. మన దేశంలో పాత పద్ధతిలో ఎరుపు, పసుపు, నీలం మూడూ ఫేజు రంగులు, నలుపు న్యూట్రల్. ఈ రెండు పద్ధతుల మధ్య నీలం దగ్గర తికమక పడే ప్రమాదం ఉంది కాబట్టి, వేసేటప్పుడు పక్కన నిలబడి అడగండి.

సౌదీ కరెంటు 60 హెర్ట్జ్, మనది 50. అమెరికా మిషన్ అయితే వోల్టేజీయే వేరు, 120. మిషన్ తలుపు అంచు మీదో వెనకో ఉండే పట్టీ చదవండి. 220-240 వోల్టులు, 50 హెర్ట్జ్ అని లేకపోతే ప్లగ్గు పెట్టకముందే కంపెనీ మెకానిక్‌ను అడగండి.

నాలుగో మజిలీ: ఎర్త్

ఎర్త్ లేకపోయినా మిషన్ నడుస్తుంది. అందుకే ఎర్త్ లోపం ఎవరికీ పట్టదు. సాకెట్‌లో మూడో రంధ్రం ఉంటుంది, దాని వెనక వైరే ఉండదు. లేదా వైరు ఉంటుంది, అది వెళ్లి చేరే ఎర్త్ గుంత ఏళ్ల తరబడి నీళ్లు లేక ఎండిపోయి ఉంటుంది. కొన్నిచోట్ల ఆ గుంత మీద ఇప్పుడు గచ్చు ఉంటుంది, మెట్లుంటాయి. పాత ఎర్త్ గుంతల్లో ఉప్పూ బొగ్గూ పరిచి, పైనుంచి నీళ్లు పోయడానికి గరాటు పెట్టేవాళ్లు. ఎండాకాలంలో వారానికొకసారి బకెట్టు నీళ్లు పోయడం ఆ రోజుల్లో ఇంటి పనుల్లో ఒకటి.

వీటికంటే ఘోరం, ఎర్త్ వైరును సాకెట్ లోపలే న్యూట్రల్‌కు కలిపేయడం. అంతా బాగున్నన్నాళ్లూ తేడా తెలియదు. న్యూట్రల్ తెగిన రోజున మిషన్ ఒళ్లంతా కరెంటు ఎక్కుతుంది. నీళ్లతో, వేడితో, స్టీలు ఒంటితో పనిచేసే మిషన్‌కు ఇది ప్రాణాంతకం. మీ మేస్త్రీని ఈ ఒక్క ప్రశ్న సూటిగా అడగండి: “ఈ సాకెట్ ఎర్త్ ఎక్కడికి పోతుంది?” గుంత చూపించగలిగితేనే అది ఎర్త్.

అయిదో మజిలీ: వోల్టేజీ

కరెంటు వచ్చినా చాలినంత బలంతో రాకపోవచ్చు. హీటరు శక్తి వోల్టేజీ వర్గాన్ని బట్టి మారుతుంది. 230 వోల్టుల దగ్గర 2000 వాట్లిచ్చే హీటరు 200 వోల్టుల దగ్గర సుమారు 1500 వాట్లే ఇస్తుంది, 180 దగ్గర 1200 చిల్లర. నీళ్లు అనుకున్న వేడికి చేరడానికి ఎక్కువసేపు పడుతుంది. గంటన్నర పని రెండున్నర గంటలవుతుంది, గిన్నెలు జిడ్డుగానే బయటికొస్తాయి, లేదా మిషన్ విసిగి తప్పు గుర్తు చూపిస్తుంది.

ఇక్కడ గమనించాల్సింది తేడా. ప్లగ్గులో పెట్టి చూసే డిజిటల్ వోల్టు మీటర్లు బజారులో దొరుకుతాయి. వంటింట్లో మిషన్ నడవనప్పుడు ఎంత చూపిస్తోంది, హీటరు నడుస్తున్నప్పుడు ఎంత చూపిస్తోంది, రాసుకోండి. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు 20 మీటర్ల పొడవున 9 ఆంపియర్లు మోస్తే మూడు, మూడున్నర వోల్టులు తగ్గడం సహజం. అదే లైను మీద పది పన్నెండు వోల్టులు పడిపోతే వైరు సన్నమైనదో, జాయింటు వదులో. రెండు సమయాల్లోనూ తక్కువే ఉంటే లోపం ఇంటిది కాదు, వీధిది. నల్లా వచ్చే వేళ బస్తీలో అందరి మోటార్లూ ఒక్కసారి మొదలైనప్పుడు వోల్టేజీ కుంగితే, మిషన్‌ను ఆ వేళకు ముందో వెనకో పెట్టుకోండి. ఫ్రిజ్ కోసం కొన్న స్టెబిలైజరును దీనికి తగిలించవద్దు, అది ఈ బరువుకు సరిపోదు.

చివరి మజిలీ: మిషన్

ఇక్కడిదాకా అన్నీ సవ్యంగా ఉంటేనే మిషన్ వైపు చూడాలి. అప్పుడు కూడా ముందు తేలికవి. తలుపు టక్కుమని పూర్తిగా పడిందా? గిన్నె పిడి అడ్డం పడి తలుపు వెంట్రుకవాసి తెరిచి ఉన్నా మిషన్ కదలదు. పిల్లల తాళం పడిందా? ‘నాలుగు గంటల తర్వాత మొదలుపెట్టు’ అన్న మీట ఎవరైనా నొక్కారా? నల్లా తిప్పి ఉందా, ట్యాంకులో నీళ్లున్నాయా? ట్యాంకు మిషన్‌కు కాస్త ఎత్తులోనే ఉంటే నీటి ఒత్తిడి చాలక కూడా మిషన్ ఆగిపోతుంది. ఇది కరెంటు లోపంలా కనపడే నీటి లోపం.

మిషన్ అడుగు పళ్లెంలోకి నీళ్లు కారితే లోపలి తేలుడు మీట లేచి, పనంతా ఆపేసి, నీళ్లు తోడే పంపును మాత్రం అదేపనిగా నడుపుతుంది. బాష్ మిషన్లలో అప్పుడు ఈ15 అని కనపడుతుంది. ఇదీ కరెంటు లోపం కాదు, కాపాడే ఏర్పాటు. నల్లా కట్టేసి, బోర్డులో ఆ లైను దించి, మెకానిక్‌ను పిలవండి.

ఏ క్షణంలో ఆగింది?

మజిలీలన్నీ చూశాక కూడా తేలకపోతే గడియారం సాయం తీసుకోండి. మిషన్ ఒక వరుసలో పని చేస్తుంది: నీళ్లు నింపుకోవడం, చిమ్మడం, కాచడం, తోడేయడం, మళ్లీ కడగడం, చివరి వేడి, ఆరబెట్టడం. ఏ పని మొదలైనప్పుడు ఆగిందో దాన్ని బట్టి లోపం ఎక్కడిదో ఊహించవచ్చు.

ప్లగ్గు పెట్టిన మరుక్షణమే ఎంసీబీ పడితే తీగలోనో, మిషన్ ముందు భాగంలోనో షార్ట్. నీళ్లు నిండి, కాస్త నడిచి, హీటరు అందుకునే వేళకు ఆర్‌సీసీబీ పడితే హీటరులో కరెంటు కారుతోంది. వేసవి సెలవుల్లో నెలా రెండు నెలలు మూతపడిన మిషన్‌లో హీటరు లోపలికి చెమ్మ చేరి ఇలా జరగవచ్చు. హీటరు వేళకే ఎంసీబీ పడితే, అదే లైను మీద గీజరో ఓవెనో కూడా నడుస్తోందేమో చూడండి. ఏదీ పడకుండా హీటరు వేళకు మిషన్ ఆరిపోయి, కాసేపటికి మళ్లీ వెలిగితే, సాకెట్‌లోనో వైరులోనో వదులు జాయింటు ఉందని గట్టి అనుమానం.

మేస్త్రీతో మాట్లాడే తీరు

సాధారణంగా మన ఫోను ఇలా ఉంటుంది: “భాయ్, మిషన్ ఖరాబైంది, జల్ది రా.” ఆయన వస్తాడు, ప్లగ్గు పీకి పెడతాడు, అప్పటికి నడుస్తుంది, వెళ్లిపోతాడు. రాత్రికి మళ్లీ మొదటికి.

ఇలా చెప్పి చూడండి: “భాయ్, మిషన్ పెట్టిన పదిహేను నిమిషాలకు ఆర్‌సీసీబీ పడ్తుంది. ఎంసీబీ పడ్తలేదు. అదే సాకెట్ల ఇస్త్రీ పెట్టె పెడితే మంచిగనే నడుస్తుంది. మూడు రోజుల సంది ఇదే కథ.”

ఆయన జవాబు కూడా మారుతుంది: “సమజైంది అక్కా. వైరింగ్ మంచిగనే ఉన్నట్టుంది, హీటర్ల లీకేజీ ఉండొచ్చు. మెగ్గర్ తెచ్చి ఒకసారి చూస్త. అదే అయితే కంపెనీ మెకానిక్‌ను పిలువుండ్రి.”

నాలుగు వాక్యాల్లో మీరు ఆయనకు ఏది పడింది, ఎప్పుడు పడింది, ఎక్కడిదాకా బాగుంది, ఎన్నాళ్లుగా అన్నవి చెప్పారు. మీకు తెలిసింది మాత్రమే చెప్పారు, తెలియనిది ఊహించలేదు. పనివాడి సమయాన్ని గౌరవించడం అంటే ఇదే. ఇంట్లో ఆ మిషన్‌తో రోజూ పనిచేసేది ఎవరో, వాళ్లే ఈ మాటలు చెప్పగలగాలి. ‘ఆయన వచ్చాక చూస్తారులే’ అని ఆగాల్సిన అవసరం ఏ ఇల్లాలికీ లేదు. వంటింటిని అందరికంటే ఎక్కువ చూసింది ఆమే.

వాటాల ఇల్లు, ఉమ్మడి వైరు

లోపం దొరికాక శాశ్వతంగా ఏం చేయాలో కూడా చెప్పుకుందాం. మిషన్‌కు బోర్డు నుంచి విడిగా ఒక లైను వేయించండి. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, దానికి సొంత 16 ఆంపియర్ల ఎంసీబీ, బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, నిజమైన ఎర్త్. సాకెట్ మిషన్ వెనక దాగకుండా, చేయి అందేలా పక్కన ఉండాలి. కరెంటు బిల్లు మీద కాంట్రాక్టెడ్ లోడ్ ఎంతుందో చూడండి. ఒక కిలోవాటు అని ఉంటే మిషన్ హీటరు ఒక్కటే దానికి రెట్టింపు. అదనపు లోడుకు దరఖాస్తు పెట్టుకోండి.

వాటాల ఇళ్లలో ఇది మనుషుల మధ్య విషయం కూడా. అన్న వాటా ఫేజు, తమ్ముడి వాటా న్యూట్రల్ కలిసిపోయి ఉన్న లోగిళ్లున్నాయి. ఒకరు మెయిన్ దించినా ఇంకొకరి వైపు నుంచి కరెంటు వస్తూ ఉంటుంది. సర్వీసు వైరు ఒక్కటే, ఎర్త్ గుంత ఒక్కటే, ఖర్చు దగ్గర మాత్రం ఎవరికి వారే. ఇక్కడ ‘మీ వైరు వల్లే’ అని మొదలుపెడితే మాట అక్కడే తెగిపోతుంది. ‘వదినా, మా వైపు ఇక్కడిదాకా చూసుకున్నాం, బాగానే ఉంది. మీ వైపు కూడా మేస్త్రీ చేత ఒకసారి చూపిద్దామా, ఖర్చు చెరిసగం’ అంటే కాదనేవాళ్లు తక్కువ. ఏం పాడైందని వెతికితే ఎవరు పాడు చేశారన్న మాట దాని వెంటే వస్తుంది. ఎక్కడిదాకా బాగుందని అడిగితే ఇద్దరూ ఒకే వైపు నిలబడి చూస్తారు. సంసారంలో, వ్యాపారంలో, పిల్లల చదువులో కూడా నేను ఈ ప్రశ్ననే ముందు అడగమంటాను.

ఈ వారం చేయండి

ఒకటి. ఇంట్లో అందరూ కలిసి బోర్డు ముందు నిలబడండి. ఒక్కో ఎంసీబీ దించి, ఏ గది ఆరిందో చూసి, దాని మీద పేరు రాసి అంటించండి. పదేళ్ల పిల్ల కూడా మెయిన్ ఎక్కడుందో చెప్పగలగాలి.

రెండు. ఆర్‌సీసీబీ మీద ఉండే టెస్ట్ మీట నొక్కండి. టక్కున పడాలి. పడకపోతే అది కాపలా కాయడం లేదు, మార్పించండి. నెలకొకసారి ఇది చేయండి.

మూడు. స్తంభం నుంచి మిషన్ దాకా కరెంటు దారిని ఒక కాగితం మీద గీయండి. తెలియని చోట ప్రశ్న గుర్తు పెట్టండి. మేస్త్రీ ఈసారి ఏ పని మీద వచ్చినా ఒక్కో ప్రశ్న గుర్తూ చెరిపించుకోండి.

నాలుగు. ఎర్త్ గుంత ఎక్కడుందో కనుక్కోండి. ఉంటే ఈ రోజే నీళ్లు పోయండి. లేకపోతే వచ్చే నెల ఖర్చుల్లో మొదటి పద్దు అదే కావాలి.

అయిదు. 1912, అగ్నిమాపక శాఖ 101, మీ మేస్త్రీ నంబరు, ఈ మూడూ కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి బోర్డు పక్కన అంటించండి. వాటి కింద ఒక్క వాక్యం రాయండి: కాలిన వాసన వస్తే ముందు మెయిన్ దించు, తర్వాతే ఫోన్ చెయ్యి.